తిరుపతిలో కొత్త కాపురం: వారాంతాన్ని ఇద్దరిదిగా చేసుకునే పద్ధతి

తిరుపతిలో కాపురం పెట్టిన కొత్త దంపతులకు వేరే ఊళ్లవాళ్లకు లేని చిక్కు ఒకటి ఉంది. మనకు సెలవు దొరికే శని, ఆదివారాల్లోనే ఊరు యాత్రికులతో నిండిపోతుంది. శనివారం స్వామివారి రోజు కాబట్టి ఆ రోజు మరీనూ. దానికి తోడు దర్శనానికి వచ్చే చుట్టాలు. "శుక్రవారం రాత్రి బయలుదేరుతున్నాం అమ్మాయ్, తెల్లారేసరికి మీ ఇంట్లో ఉంటాం" అనే ఫోన్ రాని ఇల్లు ఈ ఊళ్లో అరుదు. వాళ్లు రావాలి, మనం ఆదరించాలి. కానీ పెద్దలు కుదిర్చిన పెళ్లిలో ఆలుమగలు ఒకరినొకరు తెలుసుకునేది పెళ్లయ్యాకే. అందుకు కావలసిన తీరికను మనమే తీసి పక్కన పెట్టుకోవాలి. పెద్ద ఖర్చు, పెద్ద ప్రయాణం అక్కర్లేదు. వారానికి ఒక పూట బయట, ఒక సాయంత్రం ఇంట్లో, అంతే. ఆ రెండింటినీ ఎలా నిలబెట్టుకోవాలో మేము పాటిస్తున్న పద్ధతి ఇది.

మొదటి అడుగు: గురువారం రాత్రి పది నిమిషాలు

శనివారం పొద్దున లేచి "ఎక్కడికెళ్దాం?" అని మొదలుపెడితే, తేలేసరికి ఎండెక్కుతుంది. గురువారం రాత్రి భోంచేశాక కూర్చుని మూడు సంగతులు తేల్చుకోండి. ఈ వారం ఎవరైనా వస్తున్నారా? ఇద్దరిలో ఎవరికి అలసట ఎక్కువగా ఉంది? చేతిలో ఎంత ఉంది? మూడోదానికి ఒక కవరు పెట్టుకుంటే సులువు. జీతం రాగానే పదిహేను వందలో రెండు వేలో అందులో వేసి, పెట్రోలు, టిఫిన్లు, టికెట్లు అన్నీ అందులోంచే తీయండి. కవరు ఖాళీ అయితే ఆ నెలలో మిగిలిన వారాలు ఇంట్లోనే. ఈ కట్టుబాటు వల్ల డబ్బు గురించి ప్రతిసారీ మాటా మాటా అనుకునే పని ఉండదు.

చుట్టాల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. వచ్చేవాళ్లలో సగం మంది ముందు అడిగేది "దర్శనానికి ఏమైనా చూడరాదూ?" అనే. దీనికి ఫోన్లో ఒక మెసేజ్ రాసి ఉంచుకోండి. టికెట్లు, గదులు టీటీడీ అధికారిక వెబ్‌సైట్‌లో ముందుగానే చూసుకోవాలని, కింద బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం అనే టీటీడీ వసతి గృహాలు ఉన్నాయని, నడిచి ఎక్కాలంటే అలిపిరి మెట్లు 3550, శ్రీవారి మెట్టు దారిలో 2388 అని, శ్రీవారి మెట్టు దారి పగటిపూట మాత్రమే తెరుస్తారని అందులో ఉండాలి. వస్తామన్న వెంటనే దాన్ని పంపేస్తే వాళ్లకూ టెన్షన్ తగ్గుతుంది, మీకు శనివారం పొద్దంతా ఫోన్లు చేసే పని తప్పుతుంది. వాళ్లు కొండమీద ఉండే ఆ పూటే మీ పూట.

అత్తామామలతో కలిసి ఉంటే బయటికి వెళ్లే సంగతి ముందే చెప్పాలి. ఎవరు చెప్పాలన్నదీ ముఖ్యమే. ఆయన తల్లిదండ్రులకు ఆయనే చెప్పాలి, కోడలి చేత చెప్పించకూడదు. "అమ్మా, ఆదివారం పొద్దున మేమిద్దరం మంగాపురం పోయి పదకొండుకల్లా వచ్చేస్తాం, వచ్చేటప్పుడు కూరగాయలు తెస్తాం" అంటే సరిపోతుంది. వచ్చే వేళ చెప్పడం, చెప్పిన వేళకు రావడం, ఈ రెండూ నాలుగు వారాలు జరిగితే ఆపైన ఎవరూ అడగరు.

రెండో అడుగు: జనం పోయే దిక్కుకు ఎదురు పోవడం

పొద్దున ఏడు నుంచి వాహనాల వరస కొండవైపు, అలిపిరి వైపు, తిరుచానూరు వైపు ఉంటుంది. మీరు చంద్రగిరి వైపో, పుత్తూరు వైపో, ఏర్పేడు వైపో బండి తిప్పండి. ఆరు, ఆరున్నరకు ఇల్లు వదలాలి. మార్చి నుంచి జూన్ దాకా తొమ్మిదిన్నర దాటితే మన ఎండకు బండి సీటు మీద చెయ్యి పెట్టలేం, కాబట్టి ఆ నాలుగు నెలలూ పదికల్లా ఇంటికి చేరే చోట్లకే వెళ్లండి. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు, వైకుంఠ ఏకాదశి, సంక్రాంతి సెలవులు వచ్చిన వారాల్లో బయటి కార్యక్రమం పెట్టుకోనే వద్దు. అవి ఇంటి సాయంత్రాలకు మంచి వారాలు.

షిఫ్టు ఉద్యోగాలవాళ్లకు ఆఫ్ వారం మధ్యలో వస్తుంది. నిజానికి అది అదృష్టం, దారులన్నీ ఖాళీ. మంగళవారం శ్రీ వేంకటేశ్వర జూ పార్కుకు సెలవనీ, శుక్రవారం చంద్రగిరి కోటలోని మ్యూజియం మూసి ఉంటుందనీ మాత్రం గుర్తుంచుకోండి.

మూడో అడుగు: మొదటి షికారు చంద్రగిరి, మంగాపురం

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఇక్కడికే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. రెండూ తిరుపతికి దాదాపు పదిహేను కిలోమీటర్ల లోపు, రెండూ ఒకే వైపు, స్కూటీ మీద ఒక పూటలో తీరిగ్గా అయిపోతాయి.

ముందు శ్రీనివాస మంగాపురం. పెళ్లయిన కొత్తలో ఆరు నెలలు కొండ ఎక్కకూడదనే ఆనవాయితీ మన వైపు చాలా ఇళ్లలో ఉంది. దాని వెనక కథ ఈ ఊరిదే. నారాయణవనంలో పెళ్లి చేసుకుని తిరుమలకు బయలుదేరిన శ్రీనివాసుడు, పద్మావతి దారిలో అగస్త్యుల ఆశ్రమంలో ఆగారట. కొత్త దంపతులు ఆరు నెలలు కొండ ఎక్కరాదని ముని చెబితే ఇక్కడే ఉండిపోయారట. అందుకే ఇక్కడి స్వామి కల్యాణ వేంకటేశ్వరుడు, కొత్త జంటలు ముందుగా వచ్చేదీ ఇక్కడికే. పెద్దవాళ్ల మాట కాదనలేక కొండకు పోలేని ఆరు నెలల్లో ఈ గుడి మీది. పొద్దున్నే వెళ్తే ప్రాకారం చుట్టూ తిరుగుతూ మాట్లాడుకునేంత నిశ్శబ్దం దొరుకుతుంది.

అక్కడినుంచి చంద్రగిరి కోట. టిఫిన్ చంద్రగిరి ఊళ్లోనే చేసేయండి, కోటలో తిండి వెతుక్కోవద్దు. కోటలో రాజమహల్ మూడంతస్తులు, రాణీమహల్ రెండంతస్తులు. రాజమహల్‌ను కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. పైకప్పు కింద నిలబడి తలెత్తి చూడండి, ఎక్కడా దూలం కనిపించదు, కమానుల మీదే బరువంతా నిలిచి ఉంటుంది. విజయనగర రాజులు చివరి కాలంలో రాజధాని చేసుకున్న చోటు ఇది. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసు స్థలం దక్కిన కథలోనూ చంద్రగిరి పేరు వస్తుంది. ఈ చరిత్రను వెళ్లే ముందు రోజు ఒకరు చదివి, అక్కడ రెండోవాళ్లకు చెప్పాలి. మేము వంతులు వేసుకుంటాం. ఒక షికారుకు నేను చెప్పేదాన్ని అవుతాను, మరోదానికి మా ఆయన. ఊరికే చూసి రావడానికీ, ఒకరు చెబుతుంటే చూడటానికీ చాలా తేడా ఉంది. మాటలు తక్కువ ఉన్న మనిషికి కూడా చెప్పడానికి ఒక సంగతి చేతికిస్తే నోరు పెగులుతుంది.

నాలుగో అడుగు: ఏ కాలంలో ఎటు

వానాకాలం చివర, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన వైపు ఈశాన్య రుతుపవనాలు గట్టిగా కురుస్తాయి. అప్పుడు ఊళ్లోనే కపిలతీర్థంలో కొండ మీది నుంచి నీళ్లు నేరుగా కోనేట్లోకి దూకుతాయి. వాన వెలిసిన పొద్దున గంటసేపు అక్కడ కూర్చుంటే చాలు, ఆ వారానికి వేరే షికారు అక్కర్లేదు. నీటి ఉధృతి ఉన్నప్పుడు స్నానాలు ఆపేస్తారు, సిబ్బంది వద్దంటే వినండి.

తలకోన ఒక రోజంతా పట్టే ప్రయాణం. తిరుపతికి సుమారు 58 కిలోమీటర్లు, భాకరాపేట ఘాటు మీదుగా. 270 అడుగుల జలపాతం, రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తయినది. దారి సగం అందం కల్యాణి డ్యామ్ దాటాక అడవిలోనే ఉంది. వానలు తగ్గి నీళ్లు మాత్రం ఉన్న రోజుల్లో వెళ్లడం తెలివి. పెద్ద వానలు కురుస్తున్న వారంలో వెళ్లకండి. పైన ఎక్కడో కురిసిన వాన కింద నిమిషాల్లో వరదవుతుంది. రాళ్లు పాచి పట్టి ఉంటాయి కాబట్టి గ్రిప్ ఉన్న చెప్పులు తప్పనిసరి. చీకటి పడేలోపు ఘాటు దిగిపోవాలి. శేషాచలం అడవుల్లో చిరుతలు ఉన్నాయి. సెల్ఫీ కోసం దారి వదిలి లోపలికి పోయే పని అసలే వద్దు.

పుత్తూరు వైపు నారాయణవనం, కైలాసకోన జలపాతం కలిపి చూడొచ్చు. పద్మావతీ శ్రీనివాసుల పెళ్లి జరిగిందని చెప్పే ఊరు నారాయణవనం. ఆ పెళ్లికి పిండి విసిరారని చెప్పే పెద్ద తిరగలి అక్కడ చూపిస్తారు. మంగాపురం చూసి వచ్చినవాళ్లకు కథ మొదటి భాగం ఇక్కడ దొరుకుతుంది.

ఏర్పేడు దగ్గరి గుడిమల్లం గురించి ఊళ్లో ఉన్నవాళ్లకే చాలామందికి తెలియదు, నాకు అది బాధగా ఉంటుంది. మనకు దొరికిన అతి పాత శివలింగాల్లో ఒకటి అక్కడ ఉంది. క్రీస్తుకు పూర్వానిదని పండితులు చెబుతారు. లింగం మీదే నిలబడిన శివుడి రూపం, కాళ్ల కింద ఒక మరుగుజ్జు, చేతిలో పొట్టేలు. జనం ఉండరు, హడావుడి ఉండదు, ఎంతసేపు నిలబడినా ఎవరూ జరగమనరు.

చలికాలంలో ఒక్కసారైనా పక్షుల కోసం నేలపట్టు, పులికాట్ వెళ్లాలి. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా దొరవారిసత్రం దగ్గర నేలపట్టు వస్తుంది. గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలోని కడప అనే చెట్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతుంటాయి. అక్కడినుంచి సూళ్లూరుపేట, ఆ పైన శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. నీళ్లు ఉన్న ఏడు రోడ్డుకు రెండు వైపులా ఫ్లెమింగోలు మేస్తూ కనిపిస్తాయి. బైనాక్యులర్స్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. రాకెట్ ప్రయోగం ఉందని ఇస్రో ప్రకటిస్తే, షార్‌లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, జనం చూడటానికి కట్టిన గ్యాలరీకి ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. స్లాట్లు త్వరగా అయిపోతాయి, ఇద్దరి ఆధార్ కార్డులూ ముందే దగ్గర పెట్టుకోండి.

శ్రీకాళహస్తికి దర్శనం కోసం పోయిన రోజే కలంకారీ వేసే చోటికీ వెళ్లి రండి. "అన్నా, కాసేపు చూడొచ్చా?" అని అడిగితే చాలామంది సంతోషంగా చూపిస్తారు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో బట్ట నానబెట్టి ఆరబెడతారు. వెదురు కలంతో గీసే నలుపు తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లు. గీసినప్పుడు లేతగా ఉన్న గీత కరక్కాయ పట్టిన బట్ట మీద చూస్తుండగానే నల్లబడుతుంది. ఆ మార్పును పక్కన నిలబడి చూడాల్సిందే. పెద్ద చీర కొనలేకపోయినా ఒక చిన్న ముక్క కొనండి, ఇంట్లో గోడకు పెట్టుకోవచ్చు.

సంచిలో ఏం ఉండాలి: రెండు నీళ్ల సీసాలు, తువ్వాలు, టోపీ లేదా చున్నీ, ఇద్దరి గుర్తింపు కార్డులు, చిల్లర, ఇంట్లో చేసిన పులిహోరో చపాతీలో. బండి కాగితాలు, రెండు హెల్మెట్లు. చీకటి పడ్డాక మనుషులు లేని చోట ఆగవద్దు. ఎవరైనా వచ్చి అనవసరంగా ప్రశ్నలు వేస్తే వాదన పెట్టుకోకుండా జనం ఉన్న చోటికి వచ్చేయండి.

అయిదో అడుగు: ఇంట్లో ఒక సాయంత్రం

బయటి షికారు కన్నా ఇంటి సాయంత్రం నిలబెట్టుకోవడమే కష్టం. ఫోను, టీవీ, ఆఫీసు మెసేజ్‌లు, అన్నీ చేతికి అందే దూరంలో ఉంటాయి. అందుకే ప్రతి సాయంత్రానికీ ఒక పేరు, ఒక పని ఉండాలి. ఆరున్నరకు ఫోన్లు రెండూ బీరువా మీద పెట్టేయండి. అమ్మావాళ్ల ఫోన్ ఉంటుందనుకుంటే ముందే మాట్లాడేసి పెట్టండి.

చలికాలంలో మా ఇంట్లో అన్నిటికన్నా ఇష్టమైనది పితికిపప్పు సాయంత్రం. మంచు పడే రోజుల్లో మార్కెట్‌లోకి అనపకాయలు వస్తాయి. ఇద్దరికి రెండు కిలోల కాయలు చాలు. శనివారం రాత్రి ఒలిచి గింజలు నీళ్లలో నానబెట్టండి. ఆదివారం సాయంత్రానికి తోలు ఉబ్బి వదులవుతుంది. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నొక్కితే లోపలి పప్పు చటుక్కున జారి గిన్నెలో పడుతుంది, తోలు వేళ్ల మధ్య మిగులుతుంది. మొదట్లో పప్పు గోడ దాకా ఎగురుతుంది, పది గింజలకు చెయ్యి కుదురుతుంది. ఇద్దరికీ కలిపి ముప్పావు గంట పని. చేతులు రెండూ దీంట్లో ఉంటాయి కాబట్టి నోళ్లు ఖాళీ. వారమంతా చెప్పుకోలేకపోయిన మాటలు ఈ ముప్పావు గంటలో బయటికి వస్తాయి. చేతులకు ఆ అనపగింజల వాసన రెండు రోజులు ఉంటుంది.

కూరకు ఉల్లిపాయ, టమోటా, నాలుగు వంకాయ ముక్కలు వేసి మగ్గించి, పప్పు వేసి నీళ్లు పోయండి. ఉడికాక కొబ్బరి, గసగసాలు, ధనియాలు, అల్లం, వెల్లుల్లి, చెక్క, లవంగం నూరిన మసాలా కలిపి మరో పది నిమిషాలు ఉంచాలి. పప్పు మెత్తబడాలి కానీ చిదిమిపోకూడదు. పక్కన రాగి సంగటి. అర గ్లాసు బియ్యం మూడున్నర గ్లాసుల నీళ్లలో బాగా మెత్తగా ఉడికించి, మంట తగ్గించి, గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, మూతపెట్టి పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఆ తర్వాత కట్టెతో ఉండలు లేకుండా గెలకాలి. గెలకడం బలమున్నవాళ్ల పని, గిన్నె పట్టుకోవడం రెండోవాళ్ల పని. తడి చేత్తో ముద్దలు చేసుకుని వేడి మీదే తినేయండి.

రెండోది పులిజూదం. సుద్దముక్కతో గచ్చు మీద గీసుకోవచ్చు. పైన ఒక చుక్క. దాని నుంచి కిందికి విచ్చుకుంటూ నాలుగు గీతలు. వాటిని అడ్డంగా కోసే మూడు గీతలు రెండు వైపులా కొంచెం బయటికి రావాలి, ఆ కొసలను నిలువు గీతలతో కలపండి. అట్టడుగున నాలుగు గీతలనూ కలుపుతూ ఒక అడ్డగీత. లెక్కపెడితే 23 చుక్కలు రావాలి. పులులకు మూడు గులకరాళ్లు, మేకలకు పదిహేను చింతగింజలు. పులుల్ని ముందే కొండ కొమ్మున, అంటే పై చుక్కలో ఒకటి, దాని కింద రెండు పెడతారు. మేకలవాళ్లు ఒక్కో మేకనూ దించుతుంటే, ప్రతి మేక తర్వాత పులి ఒక అడుగు కదులుతుంది. పక్క చుక్కలో మేక ఉండి, దాని అవతల తిన్నగా ఖాళీ ఉంటే పులి దూకి తినేస్తుంది. పదిహేనూ దించాకే మేకలు కదలాలి. పులులు మూడూ కదలకుండా కట్టడిపడితే మేకలు గెలిచినట్టు. ఇంటి పెద్దల దగ్గర అడిగితే మీ వైపు ఆడే పద్ధతిలో చిన్న చిన్న తేడాలు చెబుతారు, అలాగే ఆడండి. ఒక ఆట అయ్యాక పక్షాలు మార్చుకోవాలి. మేకల వైపు ఆడటం ఓపిక నేర్పుతుంది, నా మటుకు నాకు అదే ఇష్టం.

మూడోది మిద్దె మీద అరుంధతి. పెళ్లిలో పట్టపగలు పురోహితుడు వేలు చూపిస్తే తలూపినవాళ్లమే అందరం. ఆ నక్షత్రాన్ని నిజంగా చూడటానికి మే నెల రాత్రులు మంచివి. తొమ్మిది, తొమ్మిదిన్నరకు చాప, మంచినీళ్లు తీసుకుని మిద్దె ఎక్కండి. ఉత్తరం వైపు సగం ఎత్తులో సప్తర్షి మండలం ఉంటుంది, నాలుగు చుక్కల పెట్టె, మూడు చుక్కల తోక. తోక కొస నుంచి రెండోది వసిష్ఠుడు. దాన్నే ఆనుకుని మసక చుక్క ఒకటి ఉంటుంది, అదే అరుంధతి. వీధి దీపం కళ్లలో పడకుండా పిట్టగోడ నీడలో పడుకుని, పది నిమిషాలు కళ్లు చీకటికి అలవాటు పడనిస్తే మామూలు చూపుకే దొరుకుతుంది. చలికాలమైతే తూర్పున కృత్తికలు, రోహిణి, మృగశిర ఒకదాని వెనక ఒకటి పైకొస్తాయి. మీ జన్మ నక్షత్రాలు ఏవో వెతుక్కోండి.

నాలుగోది పెళ్లి ఆల్బమ్ సాయంత్రం. ఫొటోలు చూసుకుని మురిసిపోవడానికి కాదు, బంధుత్వాలు నేర్చుకోవడానికి. ఒక పేజీ తిప్పి, ఆమె తరఫువాళ్లను ఆయన గుర్తుపట్టాలి, ఆయన తరఫువాళ్లను ఆమె. "ఈ పచ్చ చీర ఎవరు?" "మీ చిన్నత్తమ్మ తోడికోడలు." "తప్పు, మా మేనమామ వియ్యపురాలు." గుర్తుపట్టలేని వాళ్ల గురించి రెండోవాళ్లు ఒక సంగతి చెప్పాలి. ఎవరు చదువుకు ఫీజు కట్టారు, ఎవరితో మాటలు లేవు, ఎవరింట్లో సెలవులు గడిచాయి. మనం కట్టుకున్న మనిషి ఎలాంటి ఇంట్లో పెరిగిందో, ఎవరి చేతుల్లో పెరిగాడో ఇలా తెలుస్తుంది. ఇది మన ఊరికి మరీ అవసరం, ఎందుకంటే ఆ ఫొటోలోని వాళ్లే రేపు మన తలుపు తడతారు.

ఊళ్లో మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరంలో కచేరీలు, నాట్యాలు తరచుగా జరుగుతుంటాయి. ఇంట్లో కూర్చోబుద్ధి కాని సాయంత్రానికి అవి ఉన్నాయి.

ఆరో అడుగు: అనుకున్నది జరగని వారం

జరగని వారాలు ఉంటాయి. ఒకరికి ఒంట్లో బాగుండదు, ఆఫీసు పని మీద పడుతుంది, తుపాను అంటారు. పూర్తిగా వదిలేయకుండా కుదించుకోండి. షికారు బదులు తెల్లవారుజామున ప్రకాశం పార్కు దాకా నడక, దారిలో ఫిల్టర్ కాఫీ. వంట సాయంత్రం బదులు బొరుగులు, ఉల్లిపాయ, శనక్కాయలు కలుపుకుని మిద్దె మీద అరగంట. ఒకరు అలసిపోయి ఉంటే రెండోవాళ్లు అలగకుండా ఆ వారం ఏం చేయాలో అలసినవాళ్లనే చెప్పనివ్వండి.

చెప్పకుండా చుట్టాలు దిగిన వారం అయితే మీ సాయంత్రంలోకి వాళ్లనూ కలుపుకోండి. అత్తలు, పిన్నమ్మలు పితికిపప్పు మనకన్నా వేగంగా పితుకుతారు. మామయ్యలకు పులిజూదం గీసిస్తే రాత్రి పదకొండు దాకా లేవరు. వాళ్లను తెల్లవారి కొండ బస్సు ఎక్కించి, అక్కడినుంచి ఇంటికి రాకుండా బండిని చంద్రగిరి వైపు తిప్పేయండి. సంచీ ముందు రోజు రాత్రే సర్ది డిక్కీలో పెట్టి ఉంచాలి మరి.